పళ్ళు చూసే చెయ్యి

మా నాయన బండలాగుడు పోటీల్లో పళ్ళు చూసేవాడు.
ఎద్దు కింది పెదవి బొటనవేలితో వంచి
పాలపళ్ళా, రెండా, నాలుగా, ఆరా
లెక్క చెప్పిందాకా
చీమకుర్తి బండకి మోకు తగిలేది కాదు.
ఆకురాయితో పళ్ళు అరగదీసి తెచ్చిన ఆసామినీ
పల్లెత్తు మాట అనేవాడు కాదు.
నోట్లోంచి తీసిన చేతిని ఆ ఎద్దు మూపుకే తుడిచి
"పై విభాగంలో కట్టుకో అబ్బాయా" అనేవాడు.

నేను సంతనూతలపాడు దగ్గర కాలేజీలో
ల్యాబ్ అసిస్టెంటుని.
మొన్న మే నెలలో మా ల్యాబ్‌లోనే పోటీ.
ఆడేది పిల్లలు కాదు, వాళ్ళు రాసిన ప్రోగ్రాములు.
ఆట పులిజూదం.
మూడు పులులు, పదిహేను మేకలు.
నిబంధనల కాయితం నేనే చదివా:
అందరికీ ల్యాబ్ కంప్యూటర్లే,
రెండు కోర్లు, నాలుగు జీబీ,
ఎత్తుకి ఇరవై సెకన్లు.
నెట్ తీగ పీకి చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నా.

నెల్లూరు నుంచి పెంచలప్రసాద్ వచ్చాడు,
కారు వెనక సీట్లో
బెల్టు పెట్టి కూర్చోబెట్టిన పెట్టెతో.
అద్దం డొక్కలో మూడు ఫ్యాన్లు, నీలం దీపాలు.
"నా ప్రోగ్రాము దీని మీదే పెరిగిందన్నా.
ఇది లేకుండా ఆడమంటే
పులి కాళ్ళు కట్టేసి దూకమన్నట్టే."
నాకు తెలీకుండానే పెట్టె పక్కన చెయ్యి ఆనించా.
వెచ్చగా ఉంది.
"ఇది ఆరుపళ్ళది నాయనా, ఈడ కట్టనీరు" అన్నా.
వాడికి అర్థం కాలా.

వాడన్నదాంట్లో తప్పేముంది?
ఉలవలు ఉడకేసినవాడికి తెలుస్తుంది మేపు ఖరీదు.
పొద్దున్నే చెరువులో ఈదించినవాడిని పట్టుకుని
నీ ఎద్దు బలం నీది కాదంటే
ఒప్పుకుంటాడా?
నాయనైతే ఏమనేవాడో.

కొండపి నుంచి నాగూర్‌బీ.
అద్దం పగిలిన అన్న ఫోనులో రాసుకొచ్చింది మొత్తం.
ఇరుకింట్లో కాపరం చేసేవాళ్ళు
మంచం కింద సామాను సర్దినట్టుంది ఆ రాత,
ఒక్క లైను ఊరికే కూర్చోలేదు.
ఈ నిబంధన పెట్టిందే ఇట్టాంటి పిల్ల కోసం అనుకుని
లోలోపల పొంగిపోయా.

చీటీల్లో ఆ పిల్లకి ఏడో నంబరు వచ్చింది.

ఏడో నంబరు సంగతి నాకు తెలుసు.
పడమటి కిటికీ పక్కది, కర్టెన్ లేదు.
క్వారీ లారీ పోయినప్పుడల్లా
గ్రానైట్ దుమ్ము తాగుతుంది.
అరగంట ఆడితే ఒళ్ళు కాగి నడక తగ్గిస్తుంది.
కాయితం మీద మాత్రం దానికీ
రెండు కోర్లు, నాలుగు జీబీ.
దుమ్ము గురించి కాయితంలో లేదు.
నేనూ నోరు మెదపలా.

ఫైనల్లో ఆ పిల్ల మేకలు
ప్రసాద్ పులులు రెండింటిని మూలకి తోసేశాయి.
మూడో దానికి ఒకటే దారి మిగిలింది.
ఏడో నంబరు ఫ్యాను
ఎత్తుబండి ఎక్కే ఇరుసులా మూలిగింది.
పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.
ఆ తర్వాత వచ్చింది ఎత్తు.
సరైన ఎత్తే.
తెర మీద మేక దారికి అడ్డంగా నిలబడి ఉంది,
పనికిరాకుండా.

ప్రసాదే లేచాడు.
"నా పులి చచ్చిందన్నా అక్కడ.
వేరే మిషన్ మీద ఇంకోసారి ఆడిద్దామా?"
నాగూర్‌బీ నా వైపు చూసింది.
"ఫలితం రాసేశా" అన్నా.
నా గొంతు నాకే కాయితంలా వినపడింది.

అందరూ పోయాక స్క్రూలు విప్పా.
ఫ్యాను రెక్కల సందున
చెంచాడు బూడిదరంగు పొడి.
పాత హాల్‌టికెట్టు మీదకి దులిపి పొట్లం కట్టా.

పళ్ళు చూడటం అయిపోయాక
నాయన ఇంకో పని చేసేవాడు.
ప్రతి జతకీ ముందు చెప్పులిప్పి
బండ నడిచే దారి పొడుగూతా నడిచొచ్చేవాడు.
జనం ఈలలేసేవాళ్ళు, ఆలస్యమవుతోందని.
నాకూ సిగ్గేసేది.
ఒకసారి అడిగా, బండ ఒకటే కదా, ఎందుకని.
"బండ ఒకటేరా" అన్నాడు,
పాదం అడుగున అంటిన తడి మట్టి
పుల్లతో గీక్కుంటా.

పొట్లం ఇంకా నా సొరుగులోనే ఉంది.